కోటగుమ్మం దగ్గర అక్క ముఖం

మా అక్క దేశం మొత్తానికి అందగత్తెని ఎన్నుకునే పోటీకి బొంబాయి వెళ్ళిన ఏడు నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నకి అక్కడ వరి చేలూ, రొయ్యల చెరువులూ ఉండేవి. మా అక్కచెల్లెళ్ళిద్దరి చదువుల కోసం రాజమండ్రి దానవాయిపేటలో ఇల్లు అద్దెకి తీసుకుని, అమ్మనీ నానమ్మనీ మాతో ఉంచారు. ఆయన చెరువుల దగ్గరే ఉండి వారానికోసారి వచ్చి వెళ్ళేవారు.

నానమ్మ ఘోషా చూసిన మనిషి. కాపురానికి వచ్చినప్పుడు తెరలు కట్టిన బండిలో వచ్చిందట. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఊరి వీధి ఎలా ఉంటుందో కిటికీ సందులోంచి చూడటమే తప్ప నడిచి ఎరగదు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల పొడుగు చీలిక గౌను వేసుకుని వేదికెక్కుతుందంటే మేమే నమ్మలేకపోయాం.

అక్కకి తను అందగత్తెనన్న ఊహ ఉండేది కాదు. పొడుగ్గా ఉండటం వల్ల త్రోబాల్ జట్టులో తీసుకున్నారని మాత్రం తెలుసు. బీఎస్సీ చదివేది. వృక్షశాస్త్రం రికార్డులో ఆకుల బొమ్మలు వేస్తూ పెన్సిల్ చివర కొరికేది. నవ్వితే ముఖమంతా నవ్వేది. కళ్ళు మూతపడిపోయేవి, చిగుళ్ళు కనపడేవి. వాళ్ళ ఇంగ్లీషు మేడం ఒకావిడ పత్రికలో పడిన ప్రకటన చూసి, కాలేజీ వార్షికోత్సవంలో తీసిన అక్క ఫోటోలు పోటీకి పంపించింది. హైదరాబాదులో జరిగిన ఎంపికలో అక్కని తీసుకున్నారు. ఆ రోజుల్లో మన దేశపు అమ్మాయిలు ప్రపంచ పోటీల్లో గెలిచి వస్తున్నారు. ప్రతి కాలేజీలోనూ అదే కబురు.

నాన్న ఒప్పుకోరనుకున్నాం. ఆయన అంతా విని, ఏం బట్టలు వేసుకోమంటారు అని ఒక్కటే అడిగారు. అక్క దాచలేదు. ఈతదుస్తుల్లో కూడా నడవాలని చెప్పింది. నాన్న లేచి వరండాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. లోపలికి వచ్చి, అమ్మా నేనూ తోడు వెళ్ళాలన్నారు. అంతే. నానమ్మ మటుకు ఆ రోజు అన్నం తినలేదు. సాయంత్రం అక్క తల దువ్వుతూ మెల్లిగా అంది.

"ఒక్క ముఖం మీద ఇంతమంది చూపు పడకూడదే తల్లీ. ముఖం మోయలేదు."

అక్క నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది.

బొంబాయిలో పోటీ అమ్మాయిలందరినీ ఒక పెద్ద హోటల్లో ఉంచారు. అమ్మా నేనూ నాన్న స్నేహితుడి ఇంట్లో దిగాం. ఆదివారాలు మాత్రం హోటల్ కింద హాల్లో కలవనిచ్చేవారు. అక్క గదిలో షిల్లాంగ్ నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. చిన్న గొంతుతో ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తుండేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఇంగ్లీషూ అంతంత మాత్రమే. అయినా ఒకరి జడ ఒకరు వేసుకునేవాళ్ళు. చండీగఢ్ అమ్మాయి ఒకతె ఉండేది. అందరికంటే బాగుంటుందని చెప్పుకునేవారు. ఆమె ఎవరూ చూడకుండా బాత్రూంలో కూచుని రొట్టె తింటుందని అక్క చెప్పింది. బరువు పెరిగితే పంపించేస్తారని భయంట. వాళ్ళలో చాలామంది మా అక్కలాంటి వాళ్ళే. ఇంట్లో ఎవరినో ఒప్పించి, ఎవరినో ఏడిపించి వచ్చినవాళ్ళు.

వాళ్ళకి నడక నేర్పారు. ముళ్ళగరిటెతో తినడం నేర్పారు. అన్నిటికంటే ఎక్కువగా నవ్వడం నేర్పారు. దానికి వేరే ఒక టీచరమ్మ. అద్దాల గదిలో వరసగా నిలబెట్టి, చిగుళ్ళు కనపడకుండా, కళ్ళు చిన్నవి కాకుండా, ఎంతసేపైనా చెదరకుండా నవ్వడం చేయించేది. పెదాలు పళ్ళకి అంటుకోకుండా పళ్ళ మీద వాజలీన్ రాసుకోమనేది. పోటీకి ముందు మేం చివరిసారి కలిసినప్పుడు అక్క రెండు చేతులతో చెంపలు పట్టుకుని కూచుంది.

"పడుకున్నా అదురుతున్నాయే," అంది నాతో. "నా నవ్వు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదు."

ఆఖరి రోజు మేం వెనక వరసల్లో కూచున్నాం. అక్కడి నుంచి అమ్మాయిలంతా ఒకేలా కనపడ్డారు. ఒకే ఎత్తు జోళ్ళు, ఒకే రకం జుట్టు, ఒకే నవ్వు. మా పిల్ల ఏదో తెలుసుకోవడానికి అమ్మ, వాళ్ళ భుజాలకి కట్టిన పట్టీల మీది రాష్ట్రం పేరు చదవమని నన్ను అడుగుతూ ఉంది. ఈతదుస్తుల వంతు వచ్చినప్పుడు అమ్మ తల దించుకోలేదు. తర్వాతెప్పుడో చెప్పింది, అది మన పిల్ల కాదనుకుని చూశానని.

పదిమందిని పిలిచినప్పుడు అక్క పేరు వచ్చింది. అమ్మ నా చెయ్యి నొక్కిన చోట ఎర్రగా కందిపోయింది. అయిదుగురిని పిలిచినప్పుడు రాలేదు. షిల్లాంగ్ అమ్మాయి పేరూ రాలేదు. పిలవని వాళ్ళంతా వేదిక వెనక భాగంలో మెట్ల మీద నిలబడి, గెలుస్తున్న వాళ్ళకి చప్పట్లు కొడుతూ నవ్వుతూ ఉండాలి. ప్రశ్నలు అడగడం, జవాబులు చెప్పడం, కిరీటం పెట్టడం, పూలు చల్లడం, అంతా అయ్యేదాకా. నేను గెలిచినామె వంక చూడలేదు. వెనక నిలబడిన అక్క వంకే చూస్తున్నాను. ఆ నవ్వు ఒక్క క్షణం కూడా చెదరలేదు.

తర్వాత వేదిక వెనక్కి వెళ్తే అమ్మాయిలు కొందరు ఏడుస్తున్నారు, కొందరు జోళ్ళు విప్పుకుని కింద కూచున్నారు. అక్క గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఇంకా నవ్వుతూనే ఉంది. నాకు భయం వేసింది.

"అక్కా, ఇంక చాల్లే. నవ్వకు," అన్నాను.

"నవ్వట్లేదే," అంది అక్క.

అమ్మ ఆమె రెండు బుగ్గల మీదా చేతులు పెట్టి, నిద్రపోయే పసిపిల్లకి చేసినట్టు మెల్లగా నిమిరింది. అప్పుడు ముఖం విడింది. విడగానే ఏడ్చింది.

రాజమండ్రికి తిరిగి వచ్చాక ఎవరూ ఓడిపోయిందనలేదు. మా అమ్మాయి బొంబాయిలో పదిమందిలో నిలబడిందని ఊరంతా అన్నారు. కేబుల్ అబ్బాయిలు ఆ కార్యక్రమం రికార్డు చేసి ఎవరు అడిగితే వాళ్ళ కోసం మళ్ళీ మళ్ళీ వేసేవారు. ఎవరింటికి వెళ్ళినా టీవీలో గెలిచినామె వెనక అక్క చప్పట్లు కొడుతూ ఉండేది. ఆ పెళ్ళిళ్ళ సీజనుకి ఊళ్ళో ఒక పేరున్న పట్టుచీరల కొట్టు యజమాని నాన్నని అడిగి, అక్క చేత చీరలు కట్టించి ఫోటోలు తీయించారు. బజారు మధ్యలో కోటగుమ్మం సెంటరు దగ్గర మూడంతస్తుల ఎత్తు బోర్డు మీద ఆ బొమ్మని చేత్తో వేయించి నిలబెట్టారు. ఆర్టిస్టు మంచి పనివాడు. ఎర్రంచు చీర, నుదుటి మీద పాపిటబిళ్ళ, చిగుళ్ళు కనపడని ఆ బొంబాయి నవ్వు. అదే బొమ్మ కేలండర్ల మీదా, కొట్టువాళ్ళు చీరలు పెట్టి ఇచ్చే సంచుల మీదా అచ్చయింది. ఆ ఏడు రాజమండ్రిలో కూరలు మోసినా, పుస్తకాలు మోసినా అక్క ముఖం ఉన్న సంచుల్లోనే.

ఆ ఏడాది చలి మొదలైన రోజుల్లో, ఒక పొద్దున్న అక్క పెరట్లో కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటోంది. నేను పక్కనే ఉన్నాను. పుక్కిలించి ఉమ్ముదామని నీళ్ళు పోసుకుంటే అవి నోట్లో నిలవలేదు. ఎడమ వైపు నుంచి ధారగా కారిపోయాయి. మళ్ళీ పోసుకుంది. మళ్ళీ కారిపోయాయి. నా వైపు తిరిగింది. కుడి చెంప ఆశ్చర్యపోతోంది. ఎడమ చెంప అలాగే ఊరుకుంది. ఎడమ కన్ను రెప్ప వెయ్యడం లేదు.

డాక్టరుగారు అది ముఖం నరానికి వచ్చే పక్షవాతమనీ, చాలామందికి రెండు మూడు నెలల్లో దానంతట అదే నయమవుతుందనీ చెప్పి మాత్రలు రాశారు. ఎందుకు వస్తుందో కచ్చితంగా చెప్పలేమన్నారు. కన్ను ఎండిపోకుండా చుక్కలు వేసి, పడుకునేటప్పుడు రెప్ప మూసి ప్లాస్టరు అంటించమన్నారు. అమ్మ రోజూ ఆ ప్లాస్టరు తనే వేసేది. నానమ్మ ఎవరి మాటా వినకుండా ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి కుంపట్లో వేసింది. మామూలుగా అయితే మిరపకాయలు కాలితే ఇల్లంతా దగ్గి చస్తాం. ఆ రోజు ఎంతసేపు కాలినా మాలో ఒక్కరికీ దగ్గు రాలేదు. దగ్గు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే అంటారు. నానమ్మ కుంపటి తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను సైన్సు చదివిన పిల్లని. అయినా ఆ దగ్గు రాకపోవడం ఇప్పటికీ నా గొంతులో ఉండిపోయింది.

నయమవుతుందన్న గడువు దాటిపోయింది. కొంత తగ్గింది కానీ పూర్తిగా తగ్గలేదు. అక్క బయటికి వెళ్తే చున్నీ ముఖానికి చుట్టుకునేది. కోటగుమ్మం వైపు వెళ్ళడం మానేసింది. కాలేజీకి వెళ్ళే రిక్షాని చుట్టు తిప్పి పోనివ్వమనేది. ఇంట్లో ఉన్న సంచులన్నీ అమ్మ లోపలి వైపు బయటికి తిప్పి వాడటం మొదలుపెట్టింది. బంధువుల ఇళ్ళకి వెళ్ళే ముందు వాళ్ళ గోడల మీద ఏ కేలండరు ఉందో కనుక్కునేది.

నానమ్మ మొక్కుకుందని పిఠాపురం వెళ్ళాం. పురుహూతిక అమ్మవారి గుడి దగ్గర వరసలో నిలబడి ఉంటే, ముందున్న ఒకావిడ మా వైపు ఒకటికి రెండుసార్లు చూసింది. ఆవిడ చేతిలో కొబ్బరికాయలున్న సంచి. సంచి మీద అక్క. ఇంక గుర్తు పట్టేసిందని నేను బిగుసుకుపోయాను. ఆవిడ నా గడ్డం పట్టుకుంది.

"నువ్వేనా అమ్మా ఈ బొమ్మలో పిల్లవి? ఎంత బావున్నావు," అంది.

అక్క నా పక్కనే చున్నీ చుట్టుకుని నిలబడి ఉంది. నేను కాదండీ అనేలోపు అక్క నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఊరుకోమని.

అప్పటిదాకా నేను అక్కలా ఉంటానని ఎవరూ అనలేదు. నేను పొట్టిగా, నల్లగా ఉండే చెల్లెలిని. ఆ ఏడాదిలో ఏమయిందో, బుగ్గల్లో కొవ్వు తగ్గి ఎముక తేలింది. తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ అద్దంలో చూసుకుంటే నాకూ అక్కలాగే ఉన్నాననిపించింది. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు. బస్సులో పక్క సీటావిడ, జిరాక్సు కొట్టతను, కాలేజీలో కొత్తగా చేరిన జూనియర్లు. అమ్మ ఒకసారి వంటింట్లోంచి అక్కని పేరు పెట్టి పిలిచింది. నేను వెళ్ళాను. నా వైపు చూస్తూ మళ్ళీ ఆ పేరే పిలిచి, ముఖం బాగయిందే అని సంతోషంగా అంది. రెండడుగులు ముందుకి వచ్చాక తెలుసుకుంది. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి, ఇద్దరం కదల్లేదు.

అక్క ముఖం కండరాలకి రోజూ వ్యాయామం చెయ్యాలి. కనుబొమ్మలు ఎత్తడం, బుగ్గలు పూరించడం, ఈల వేసినట్టు పెదాలు సున్నా చుట్టడం, నవ్వడం. అద్దం ముందు కూచుని చెయ్యమన్నారు. అక్క అద్దం వద్దంది. నన్ను ఎదురుగా కూచోబెట్టుకుంది.

"నువ్వు చెయ్యి. నిన్ను చూసి నేను చేస్తాను," అంది.

రోజూ కాలేజీ నుంచి రాగానే చాప మీద ఎదురెదురుగా కూచునేవాళ్ళం. నేను కనుబొమ్మలు ఎత్తితే తన కుడి కనుబొమ్మ లేచేది. నేను నవ్వితే తన ముఖంలో సగం నవ్వేది. అక్క కళ్ళార్పకుండా నన్ను చూసేది. అసూయ లేదు, కోపం లేదు. తన వస్తువు ఎవరింట్లోనో కనపడితే చూసినట్టు, అది బాగానే ఉందా లేదా అని చూసినట్టు చూసేది. ఆ చూపు తట్టుకోలేక నేను కళ్ళు దించుకుంటే, తల ఎత్తు అనేది. ఆ నెలల్లో నాకు నవ్వంటే విసుగు పుట్టింది. స్నేహితురాళ్ళతో ఉన్నప్పుడు నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని.

మళ్ళీ పెళ్ళిళ్ళ రోజులు వచ్చే ముందు కొట్టు యజమాని మా ఇంటికి వచ్చారు. పెద్దమనిషి, మర్యాదగా మాట్లాడేవారు. పెద్దమ్మాయికి ఎలా ఉందని అడిగారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, చాలాసేపు అటూ ఇటూ మాట్లాడి ఆఖరికి చెప్పారు. బోర్డు మీది బొమ్మ ఎండకి వెలిసిపోయింది. కొత్తది వేయించాలి. జనానికి ఆ ముఖం అలవాటయిపోయింది. చిన్నమ్మాయిగారు ఒప్పుకుంటే బాగుంటుందని.

నాన్న ముఖం గట్టిపడింది. ఆ మాట ఇంక ఎత్తవద్దని చెప్పడానికి ఆయన నోరు తెరుస్తుండగా లోపలి గది తెర వెనక నుంచి అక్క మాట వినపడింది.

"తీయించండి నాన్నగారూ. నేను దగ్గరుండి చూసుకుంటాను."

నాకు ఇష్టం లేదు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అక్క అడిగాక వద్దనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

స్టూడియోలో అక్కే నాకు చీర కట్టింది. కుచ్చిళ్ళు సర్దింది. పాపిటబిళ్ళ పెట్టింది. పళ్ళ మీద వాజలీన్ రాయబోతే నేను తల తిప్పేసుకున్నాను. సరేలే అని ఊరుకుంది. దీపాలు వేశాక వెళ్ళి ఫోటోగ్రాఫరు పక్కన స్టూలు మీద కూచుంది. గదిలో వేడిగా ఉందని చున్నీ తీసేసింది. గడ్డం దించు, భుజం వెనక్కి, మెడ పొడుగ్గా అని చెబుతూ ఉంది. ఫోటోగ్రాఫరు కూడా తను చెప్పిందే విన్నాడు. ఇంక నవ్వు అంది. నేను నవ్వాను. దీపాల వెనక చీకట్లో అక్క ముఖం కూడా నవ్వుతోంది, తనకి తెలియకుండానే. కుడి వైపు మాత్రమే. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ఆ సగం నవ్వు నాకు కనపడి మాయమవుతోంది. ఆ ఫోటోల్లో నా కళ్ళు పెద్దవిగా, మెరుస్తూ ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. అవి మెరిసింది భయంతో.

పాత బొమ్మ మీద తెల్లరంగు పూసి కొత్తది వెయ్యాలి. మధ్యలో ఏదో పండగ వచ్చి ఆర్టిస్టు సగం పూసి వెళ్ళిపోయాడు. అమ్మ రిక్షాలో అటుగా వస్తూ చూసింది. ముఖంలో సగం తెల్లగా, సగం నవ్వుతూ. ఇంటికి వచ్చి మంచం ఎక్కింది. జ్వరం తగ్గడానికి చాలా రోజులు పట్టింది.

తర్వాత నా బొమ్మ పూర్తయింది. ఊళ్ళో ఎవరూ అది వేరే అమ్మాయి అనుకోలేదు. పెద్దమ్మాయికి నయమైపోయిందట కదా అని అమ్మని వీధిలో ఆపి అభినందించారు. మొదట్లో అమ్మ కాదని చెప్పేది. తర్వాత తల ఊపి వచ్చేసేది.

కొత్త బోర్డు లేచిన కొద్ది రోజులకి అక్క నన్ను బయల్దేరమంది. ఇద్దరం నడిచి కోటగుమ్మం వెళ్ళాం. సాయంత్రం, బజారు నిండా జనం. బోర్డుకి ఎదురుగా నిలబడి అక్క చున్నీ తీసి భుజం మీద వేసుకుంది. పైకి చాలాసేపు చూసింది. పక్క నుంచి ఎంతమంది వెళ్ళినా ఎవరూ అక్క వంక చూడలేదు. చూసిన ఒకరిద్దరు నా వంక చూశారు.

"ఇప్పుడది నీ ముఖం," అంది అక్క. ఆమె గొంతు తేలిగ్గా ఉంది. "నాకింక దానితో పని లేదు."

అక్కడే బండి దగ్గర మామిడికాయ ముక్కలు కొనుక్కుని తింటూ వచ్చింది. ఎడమ వైపు నుంచి రసం కారితే చెయ్యి వెనక భాగంతో తుడుచుకుంది. మళ్ళీ ఎప్పుడూ చున్నీ కట్టుకోలేదు.

నాకు మాత్రం అప్పటి నుంచి ఊరు ఇరుకయింది. ఏ సందులోంచి వచ్చినా మలుపు తిరిగేసరికి నేను నన్నే చూస్తూ నిలబడి ఉండేదాన్ని. ఎవరైనా నా ముఖం వంక రెప్ప వెయ్యకుండా చూస్తే నానమ్మ మాటే గుర్తొచ్చేది. పొద్దున్నే లేవగానే మొదట నోట్లో నీళ్ళు పోసుకుని నిలబెట్టి చూసుకునేదాన్ని. నిలిచేవి. అయినా మర్నాడు మళ్ళీ చూసుకునేదాన్ని. మరుసటేడు యజమాని కబురు పెడితే వద్దని నేనే చెప్పాను. ఆ తర్వాత సినిమా తారల బొమ్మలు వచ్చాయి, చేత్తో వేసే బోర్డులు పోయి ప్లాస్టిక్ గుడ్డల మీద అచ్చు వేయడం వచ్చింది. ఆర్టిస్టులు వేరే పనులు చూసుకున్నారు. నాకు పెళ్ళయి ఊరు మారాక కూడా నీళ్ళు పోసుకుని చూసుకునే అలవాటు పోలేదు.

అక్క విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేసి, కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పడానికి చేరింది. తోటి లెక్చరర్నే చేసుకుంది. కాఫీ తాగేటప్పుడు ఇప్పటికీ ఆమె ఎడమ కన్ను దానంతట అదే మూతపడుతుంది. బావగారు దాన్ని చూసి కన్ను కొడుతున్నావా అని ఆట పట్టిస్తారు.

కొన్నేళ్ళ తర్వాత నేను కాకినాడ వెళ్ళినప్పుడు వాళ్ళ కాలేజీ అమ్మాయి ఒకతె ఇంటికి వచ్చింది. పొడుగ్గా, బెదురుగా ఉంది. దేశసుందరి పోటీకి ఫోటోలు పంపితే హైదరాబాదుకి పిలిచారట. మేడం ఒకప్పుడు వెళ్ళారని ఎవరో చెబితే వచ్చింది. అక్క ఆ పిల్లని వెళ్ళొద్దంటుందని నేను ఎదురుచూశాను. అనలేదు. కూచోబెట్టి టిఫిన్ పెట్టింది. జోళ్ళు ముందే వేసుకుని అలవాటు చేసుకోమంది. ఆకలి వేస్తే దాక్కోకుండా తినమంది. గదిలో తనతో ఉండే అమ్మాయితో స్నేహంగా ఉండమంది.

"మీకు భయం వెయ్యలేదా మేడం?" అని అడిగింది ఆ పిల్ల.

"వేదిక మీద వెయ్యలేదమ్మా. దిగాక వేసింది."

ఆ పిల్లకి అర్థం కాలేదు. అక్క వివరించలేదు. వెళ్ళాక నేను అడిగాను, అంతా ఎందుకు చెప్పలేదని. ఏం చెప్పను, నాకు జబ్బు చేసింది, అంతే కదా అంది అక్క. నిజమే. డాక్టరుగారూ అదే చెప్పారు.

ఆదివారం సాయంత్రం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. అక్క డాబా మీదికి తీసుకెళ్ళి నడక చూపిస్తోంది. వీధిలోంచి తల ఎత్తి చూశాను. పొద్దు వాళ్ళ వెనక ఉంది. ఇద్దరూ నల్లటి నీడల్లా ఆ చివర నుంచి ఈ చివరకి వస్తున్నారు, తిరుగుతున్నారు, మళ్ళీ వస్తున్నారు. ఎవరి ముఖమూ కనపడలేదు. పైకి రమ్మని అక్క కేకేసింది. నేను వెళ్ళలేదు. వరండాలో కూచుని, ఆ అడుగుల చప్పుడు ఆగేదాకా వింటూ ఉన్నాను.